వెన్నుపాము రుగ్మతల నిర్ధారణ: శరీర లక్షణాలు, రోగి మాట (నల్లగొండ ఫ్లోరోసిస్ నేపథ్యం)

ఉపోద్ఘాతం

వెన్నుపాము రుగ్మతను పరిశీలించే వైద్యుని ముందు రెండు ప్రశ్నలుంటాయి. దెబ్బతిన్నది ఎక్కడ? కారణమేమిటి? ఎమ్మారై తీయించక ముందే మొదటి ప్రశ్నకు చాలావరకు సమాధానం రోగి శరీరంలో, అతని మాటలో లభిస్తుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ ఆధారంగా ఈ నిర్ధారణ క్రమాన్ని, అందులో తెలుగు మాట పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. నేపథ్యం

ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ బృందం నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో నమోదు చేసింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఈ వ్యాధి వల్ల మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని 1973లో లాన్సెట్ పత్రికలో వివరించారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో వెన్నెముక మందమై, దాని బంధకాలు ఎముకలా గట్టిపడి, వెన్నుపాము ఉండే మార్గం ఇరుకవుతుంది.

2. శరీరం చూపే గుర్తులు

వెన్నుపాము నలిగిన స్థాయిలో కండరాలు సన్నబడి, ప్రతిచర్యలు తగ్గుతాయి. ఆ స్థాయికి దిగువన కాళ్లు బిగుసుకొని, ప్రతిచర్యలు ఎక్కువవుతాయి. అరికాలిని గీసినప్పుడు బొటనవేలు పైకి లేవడం మరో గుర్తు. దీనిని బాబిన్‌స్కీ 1896లో వివరించాడు. స్పర్శ తగ్గిన హద్దు చనుమొనల వద్ద ఉంటే నాలుగవ వక్షఖండాన్ని, బొడ్డు వద్ద ఉంటే పదవ వక్షఖండాన్ని సూచిస్తుంది. అయితే అసలు ఒత్తిడి ఆ హద్దుకు ఎగువన కూడా ఉండవచ్చు. కనుక బొడ్డు వద్ద హద్దు కనిపించినా మెడను పరీక్షించక తప్పదు.

3. రోగి మాట చూపే గుర్తులు

‘తిమ్మిరి’ అనే ఒక్క మాటతో రోగి చీమలు పాకినట్లుండడాన్ని, మొద్దుబారడాన్ని, ఒక్కోసారి బలహీనతను కూడా చెబుతాడు. వైద్యశాస్త్రంలో ఇవి మూడూ వేర్వేరు. అందుకే అనుభవజ్ఞుడైన వైద్యుడు “కాలి చెప్పు జారితే తెలుస్తుందా?” అని అడుగుతాడు. తెలిసీ జారితే బలహీనత, తెలియకుండా జారితే స్పర్శలోపం. “దూది మీద నడిచినట్లుంది”, “ముఖం కడుక్కుంటూ కళ్లు మూస్తే తూలుతున్నాను” అనే మాటలు వెన్నుపాము వెనుక భాగపు తంతువులు దెబ్బతిన్నాయని సూచిస్తాయి. “నడుముకు పట్టీ బిగించినట్లుంది” అనే మాట ఒత్తిడి స్థాయిని పట్టిస్తుంది.

ముగింపు

ఈ ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతుంది. కాళ్లు బిగుసుకుపోవడాన్ని వయసు ప్రభావమనో, ఫ్లోరైడ్ కీళ్లనొప్పులనో సరిపెట్టుకుంటే మూత్రంపై అదుపు తప్పే దశ రావచ్చు. అప్పుడు శస్త్రచికిత్స చేసినా పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. కనుక మర్రిగూడ, మునుగోడు వంటి ప్రాంతాల వాడుకలోని బాధావాచకాలను సేకరించి, వాటి వైద్యార్థాలను నిర్ణయించడం తెలుగు శాఖలు, వైద్య కళాశాలలు కలిసి చేయవలసిన పరిశోధన. పదకోశానికి అది ఒక చేర్పు మాత్రమే కావచ్చు. రోగికి మాత్రం అది సకాలంలో అందే చికిత్స.