మందుల చదువుకు దారి ఏది?

తార్నాక కూడలి నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీద భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్నది. 1944లో నిజాం కాలంలో పరిశోధనశాలగా మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా మారి, 1989 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తున్నది. ఇక్కడి పెద్దవాళ్ళు కొందరు దానిని ఇప్పటికీ 'ఆర్.ఆర్.ఎల్.' అనే అంటారు. ఎయిడ్స్ రోగులకు ఇచ్చే జిడోవుడిన్ అనే మందును మన దేశంలోనే చౌకగా తయారుచేసే పద్ధతిని డాక్టర్ ఎ.వి. రామారావుగారి నాయకత్వంలో రూపొందించినది ఈ సంస్థలోనే. అక్కడికి దగ్గరలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ. అందులోని సాంకేతిక కళాశాలలో బి.ఫార్మసీ డిగ్రీ చదువు ఉన్నది.

ఈ చుట్టుపక్కల బడుల పిల్లలు రోజూ ఆ గేట్ల ముందునుంచే బస్సులో వెళ్తారు. అయినా ఫార్మసీ అంటే ఏమిటని అడిగితే 'మందుల షాపు చదువు' అంటారు, లేకపోతే 'డాక్టరు సీటు రానివాళ్ళు చేరేది' అంటారు. రెండో మాట ఎక్కువగా ఇంట్లో పెద్దల నుంచి విన్నదే. ఈ మాటలు నమ్మి తమకు సరిపోయే చదువును వదులుకున్నవారు ఉన్నారు. అదేమిటో తెలియకుండానే అందులో చేరి నాలుగేళ్ళు ఇబ్బందిపడ్డవారూ ఉన్నారు. కాబట్టి ముందు ఆ చదువు ఏమిటో చూసి, తరువాత అందులో చేరే దారి తెలుసుకుందాం.

జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్రనే తీసుకోండి. అట్ట మీద 500 మిల్లీగ్రాములని ఉంటుంది. కాని మాత్రను సున్నితపు త్రాసులో తూస్తే అంతకన్నా ఎక్కువే తూగుతుంది. ఆ ఎక్కువ బరువు ఎక్కడిది? పొడిని ఊరికే నొక్కితే మాత్ర నిలవదు, అందుకని జిగురులా పట్టి ఉంచే పదార్థం కలుపుతారు. కడుపులోకి వెళ్ళగానే అది విడిపోవాలి, అందుకని నీరు తగిలితే ఉబ్బే పిండిపదార్థం కలుపుతారు. యంత్రపు అచ్చుకు అంటుకోకుండా మెగ్నీషియం స్టియరేట్ కొద్దిగా వేస్తారు. ఇది ఎక్కువైతే మాత్రలోకి నీరు చొరబడటం ఆలస్యమై, మందు కరగవలసిన వేళకు కరగదు. చూశారా, ఒకటి పట్టి ఉంచాలి, ఇంకొకటి విడగొట్టాలి! వీటి పాళ్ళు కుదర్చడమే ఒక శాస్త్రం.

తయారైన మాత్రకూ పరీక్ష ఉన్నది. అడుగున జల్లెడ ఉన్న ఆరు గాజుగొట్టాలలో ఆరు మాత్రలు వేసి, మన శరీరపు వేడికి సమానంగా 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన నీటిలో నిమిషానికి సుమారు 30 సార్లు పైకీ కిందికీ ముంచుతారు. పైపూత లేని మామూలు మాత్ర 15 నిమిషాలలోగా విడిపోవాలి.

మందు మంచిదైతే చాలదా, మిగతావాటికి ఇంత పట్టింపు ఎందుకని మీకు సందేహం రావచ్చు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే మంచి మందును తియ్యని ద్రవరూపంలో అమ్మాలని ఒక కంపెనీ దానిని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించింది. ఆ ద్రావణి మూత్రపిండాలను పాడుచేసే విషం. వందమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలు చాలామంది. మరుసటి సంవత్సరమే అక్కడ కొత్త ఔషధ చట్టం వచ్చింది. ఇది పాత కథ కాదు. 2025లో మన దేశంలోనే మధ్యప్రదేశ్‌లో అదే విషం కలిసిన దగ్గుమందు తాగి పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. సీసా ఫ్యాక్టరీ దాటకముందే అందులో ఏమున్నదో పరీక్షించి ఆపవలసిన మనుషులలో ఫార్మసీ చదివినవారు ముఖ్యులు. అందుకే ఈ చదువును 'మిగిలిపోయిన సీటు' అనడం నాకు నచ్చదు.

ఇక చేరే సంగతి. బి.ఫార్మసీ నాలుగేళ్ళ డిగ్రీ. ఆసుపత్రిలో డాక్టరు పక్కన ఉండి రోగి మందుల సంగతి చూసే శిక్షణ కావాలంటే ఫార్మ్.డి. ఉన్నది, అది ఆరేళ్ళు. రెండింటికీ తెలంగాణలో ప్రవేశపరీక్ష ఒక్కటే: టీజీ ఈఏపీసెట్. వైద్యవిద్య నీట్ పరీక్షకు మారిపోయింది కనుక పాత 'ఎంసెట్' పేరులోని 'ఎం' అక్షరం పోయింది. ఇప్పటి పేరులోని 'పి' ఫార్మసీదే. బి.ఫార్మసీలో చేరడానికి నీట్ రాయనక్కరలేదు.

పదో తరగతి పిల్లలు ఎక్కువగా తికమకపడేది గ్రూపు దగ్గర. బైపీసీ తీసుకుంటేనే ఫార్మసీ అనుకుంటారు. నిజానికి ఎంపీసీ చదివినవారికీ ఈ సీట్లున్నాయి. ఇది దయతలచి ఇచ్చిన మినహాయింపు కాదు, ఆ చదువుకు రెండూ కావాలి. మందు శరీరంలో ఎక్కడ పనిచేస్తుందో చెప్పేది జీవశాస్త్రం. ఎంతసేపు ఉంటుందో చెప్పేది లెక్క. ఒక మందు రక్తంలో ప్రతి నాలుగు గంటలకూ సగమవుతుందనుకుందాం. 400 మిల్లీగ్రాములు నాలుగు గంటలకు 200, ఎనిమిదికి 100, పన్నెండుకు 50 అవుతాయి. తరువాతి మోతాదు ఎప్పుడు వేయాలో ఇలాంటి లెక్కలే చెబుతాయి. అందుకే మొదటి సెమిస్టరులో బైపీసీ నుంచి వచ్చినవారికి గణితమూ, ఎంపీసీ నుంచి వచ్చినవారికి జీవశాస్త్రమూ ప్రత్యేకంగా నేర్పుతారు. రెండు గ్రూపులకూ ఉమ్మడిగా ఉన్నది రసాయన శాస్త్రం. అదంటే గిట్టనివారు మాత్రం ముందే బాగా ఆలోచించుకోవాలి, నాలుగేళ్ళూ దానితోనే కాపురం!

పరీక్షలో 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటల సమయం. బైపీసీవారికి వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40, ఎంపీసీవారికి గణితం 80. భౌతిక, రసాయన శాస్త్రాలు అందరికీ 40 చొప్పున. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. పరీక్ష కంప్యూటరు మీద అనేక పూటలుగా జరుగుతుంది. ఒక పూట ప్రశ్నపత్రం కాస్త కఠినంగా ఉంటే ఆ పూట రాసినవారు నష్టపోకుండా మార్కులను సరిచేసి ర్యాంకులు ఇస్తారు. ఒకప్పుడు ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం విలువ ఉండేది, తెలంగాణలో ఇప్పుడది లేదు. అలాగని ఇంటర్‌ను తేలికగా తీసుకోకండి. గ్రూపు సబ్జెక్టులలో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికి 40 శాతం మార్కులు తప్పనిసరి.

ర్యాంకు వచ్చిన తరువాత కౌన్సెలింగు. నేను చూసినంతలో, మంచి ర్యాంకు వచ్చి కూడా కోరిన కళాశాల పోగొట్టుకునేది ఇక్కడే. మనం కళాశాలల పేర్లను ఇష్టమైన వరుసలో కంప్యూటరులో నమోదు చేయాలి. చాలామంది తల్లిదండ్రులు "అది ఎలాగూ రాదు, మొదట పెడితే ఆప్షను వృథా" అని మంచి కళాశాలను కిందికి తోస్తారు, లేదా వదిలేస్తారు. కంప్యూటరు చేసే పనేమిటో తెలిస్తే ఈ భయం ఉండదు. అది మొదటి ర్యాంకు నుంచి ఒక్కొక్కరినీ వరుసగా పిలుస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాలో మొదటి పేరు చూస్తుంది. అక్కడ మీ వర్గానికి సీటుంటే ఇస్తుంది, లేకపోతే రెండోది, మూడోది చూస్తుంది. ఇంతే! మొదటి కళాశాలలో సీటు లేకపోయినా మీ ర్యాంకు తరగదు, రెండోదాంట్లో మీ వంతు వేరొకరికి పోదు. కాబట్టి మొదట రాయవలసినది నిజంగా కావలసినదే. కాని తేలికగా వచ్చే కళాశాలను భయపడి మొదట రాస్తే, కంప్యూటరు దానినే ఇచ్చి ఊరుకుంటుంది. రెండోదాని వైపు చూడనే చూడదు.

ఇంకొక మెలిక ఉన్నది. మొదటి విడతలో సీటు వచ్చినవారు రెండో విడతలోనూ ఆప్షన్లు ఇవ్వవచ్చు. కాని కొత్త సీటు వస్తే పాతది రద్దయి వేరొకరికి పోతుంది. అందుచేత రెండో విడతలో, చేతిలో ఉన్నదానికన్నా మెరుగైనవే రాయాలి.

కళాశాలను ఎంచేటప్పుడు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్నదో లేదో చూడాలి. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం ఫార్మసిస్టుగా నమోదు కావడానికి గుర్తింపు ఉన్న చదువే పనికివస్తుంది. ఫార్మసీ సీట్ల భర్తీ సాధారణంగా ఇంజనీరింగు భర్తీ తరువాతనే జరుగుతుంది. ఆలస్యమైందని కంగారుపడి దొరికినదానిలో చేరిపోయేవారు ఏటా కనిపిస్తారు.

ధ్రువపత్రాల పరిశీలనకు ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకూ చదివిన స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, మీరు ఏ ప్రాంతంవారో తేల్చేది అవే. ఎనిమిదో తరగతిలో ఊరు మారి, పాత బడి సర్టిఫికెట్ తెచ్చుకోనివారు ఆఖరు నిమిషంలో పరుగులు పెడుతుంటారు. మీలో బడి మారినవారుంటే ఈ సెలవుల్లోనే వెళ్ళి తెచ్చుకోండి. అక్కడి గుమాస్తాగారు ఇంకా మిమ్మల్ని గుర్తుపట్టే అవకాశం ఉన్నది.