చామగడ్డ తినే దీవులు

చామగడ్డ కూర వండిన రోజు మీ ఇంట్లో ఎవరైనా గొంతు దురద అని గొణుగుతారా? మనకు ఎప్పుడో ఒకసారి వండే కూర. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఫిజీ వాళ్ళకు మాత్రం అదే అన్నం లాంటిది. 'దాలో' అంటారు. ఆకును కొబ్బరిపాలలో మెత్తగా ఉడికించుకుంటారు.

ఫిజీ అంటే ఒక్క దీవి కాదండీ, 300 పైచిలుకు! మనుషులుండేవి మాత్రం నూరు పైన. పెద్దవి రెండు, వీతి లెవు, వనువా లెవు. రెండూ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవే. వీతి లెవు నడుమ కొండలున్నాయి. ఆగ్నేయం నుంచి వచ్చే తడిగాలి కొండలకు తగిలి అటువైపే కురుస్తుంది. అందుకే రాజధాని సువాలో వానలెక్కువ. పడమట లౌతోకా, బా వైపు ఎండ కాస్తుంది, చెరుకు పండుతుంది.

ఆ చెరుకు పనికే మనవాళ్ళు వెళ్ళారు. 1879 నుంచి 1916 దాకా ఇండియా నుంచి 60 వేల మందికి పైగా కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు మీదుగా తెలుగువాళ్ళూ వెళ్ళారు. అయిదేళ్ళ అగ్రిమెంటు. నోరు తిరగక దాన్నే 'గిర్మిట్' అన్నారు. చాలామంది అక్కడే ఉండిపోయారు.

మా గోదావరిఖని వైపు ఓపెన్‌కాస్టుల కోసం ఊళ్ళు లేచిపోవడం చూశాం. ఫిజీలోనూ ఊరు లేచింది. వనువా లెవు ఒడ్డునున్న వునిదోగొలోవా ఇళ్ళలోకి, తోటల్లోకి ఉప్పునీళ్ళు వస్తుంటే, 2014లో ఊరంతా సుమారు 2 కిలోమీటర్లు లోపలికి జరిగింది.

సముద్రం ఎందుకు పెరుగుతోందంటారా? గిన్నె అంచుదాకా నీళ్ళు పోసి కాచి చూడండి, పొర్లుతాయి. వేడికి నీళ్ళు ఉబ్బుతాయి. దానికి తోడు నేల మీది మంచు కరిగి సముద్రంలో కలుస్తోంది. ఆ వేడికి బొగ్గు, పెట్రోలు పొగ పెద్ద కారణం. వేడెక్కిన సముద్రం తుఫానులకూ బలమిస్తుంది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఫిజీలో 44 మందిని పొట్టన పెట్టుకుంది.

మావారు బాయి పనికి పోతేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. బొగ్గు వద్దని నేనెలా అంటాను? కానీ క్వార్టర్‌లో ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఇదివరకు పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు లేచి వెళ్ళి ఆపుతున్నాను. మరి మీరు?