మీ స్వభావానికి తగిన పరిమళమేది?

ఒక పరిమళ ద్రవ్యపు సీసాతో పాటు ఇచ్చే చిన్న కరపత్రాన్ని తెలుగు చేసే పని ఆ మధ్య నాకు అప్పగించారు. మొదటి వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. ఆ పరిమళం 'ఫ్లోరల్ ఉడీ' జాతికి చెందినదట. పైకి సుకుమారంగా, లోపల దృఢంగా ఉండే స్త్రీకి అది తగినదట.

'ఫ్లోరల్' అంటే చిక్కులేదు. పూలకు మన భాషలో తావి, సౌరభం, గుబాళింపు అని ఎన్ని మాటలైనా ఉన్నాయి. 'ఉడీ' అన్నదాన్ని 'కర్రవాసన' అని వ్రాస్తే ఆ సీసా కొనే సాహసం ఎవరూ చేయరు! అయితే ఆ వాసన మాత్రం నాకు కొత్తది కాదు. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్సులో, అమ్మ ట్రంకుపెట్టె మూత ఎత్తగానే వచ్చే వాసన అదే.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకై ఖరగ్‌పూర్ చేరిన వేలాది తెలుగు కుటుంబాలలో మాదొకటి. వానాకాలంలో బరంపురం నుంచి వచ్చే బంధువులు మొగలిపువ్వులు తెచ్చేవారు. అమ్మ ఒక రేకును నా జడలో పెట్టి, తక్కిన వాటిని పట్టుచీరల మడతలలో సర్దేది. పెట్టె అడుగున సన్నని చందనపు చెక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. పువ్వు ఉండగా చెక్క ఎందుకని ఒకసారి అడిగాను.

"చెక్క లేకపోతే రేకు వాసన బొత్తిగా నిలవదే," అన్నది.

అత్తరు తయారీకి ఆధారమైన సూత్రం కూడా ఇదే. గంజాం జిల్లా 1936లో ఒడిశాలో చేరేవరకు మద్రాసు రాష్ట్రంలోనిది. నేటికీ అక్కడ తెలుగు వినిపిస్తుంది. దేశంలోని మొగలి అత్తరులో అత్యధిక భాగం అక్కడిదే. మొగలిలో ఆడ, మగ చెట్లు వేరు, సువాసన మగపువ్వుదే. తెల్లవారుజామున కోసిన పూలను ఆలస్యం చేయక బట్టీకి చేరుస్తారు. రాగి కాగులో నీటితో పాటు పూలను వేసి, మూతను బంకమట్టితో బిగించి, కింద మంట పెడతారు. ఆవిరి గొట్టం గుండా మరొక పాత్రలోకి పోయి చల్లబడుతుంది. ఆ పాత్రలో ముందే చందన తైలం పోసి ఉంచుతారు. పూలతావిని ఆ తైలం తనలో నిలుపుకొంటుంది. చందనం ప్రియమైపోవడంతో ఇప్పుడు చాలాచోట్ల వాసన లేని పారఫిన్ నూనెను వాడుతున్నారు.

దీనికి కారణం కష్టమైనదేమీ కాదు. పూలలోని సుగంధ పదార్థాలు చాలావరకు తేలికైనవి. త్వరగా గాలిలో కలిసిపోతాయి. చందన తైలంలోని శాంటలాల్ బరువైనది, నెమ్మదిగా ఆవిరవుతుంది. అందుచేత ఇటువంటి పరిమళం పూసుకున్నప్పుడు మొదట పలకరించేది పువ్వు. సాయంత్రానికి మిగిలేది చెక్క.

మరి, ఏ స్వభావానికి ఏ పరిమళమో ముందే నిర్ణయించవచ్చునా? ఘ్రాణేంద్రియ రహస్యాన్ని ఛేదించినందుకు 2004లో రిచర్డ్ ఏక్సెల్, లిండా బక్‌లకు నోబెల్ బహుమతి లభించింది. మన ముక్కులో వాసనలను గుర్తించే గ్రాహకాలు సుమారు 400 రకాలు. అవి అందరిలో ఒకే తీరుగా ఉండవు. కాబట్టి ఒకే సీసాలోని వాసన ఇద్దరికి రెండు విధాలుగా తోచవచ్చును. పైగా వాసనను అందుకునే మార్గం మెదడులో భావాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలకు అతి సమీపంలో ఉన్నది. మనం 'నాకు నప్పింది' అనుకునే పరిమళం తరచుగా మన గతానికి నప్పినదే.

కనుక కొనేముందు కరపత్రాన్ని నమ్మకండి. ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని, రుద్దకుండా, మీ పనులకు వెళ్ళండి. నాలుగైదు గంటల తరువాత వాసన చూడండి. అప్పుడు మిగిలినదే రోజంతా మీతో ఉండబోయేది. అది నచ్చితే తీసుకోండి.

ఆ కరపత్రం ప్రకారమైతే మా అమ్మకు ఈ పరిమళం తగదు. ఆమె పైకి సుకుమారి కానేకాదు. కుళాయి దగ్గర వంతు తప్పినవారిని తెలుగు, హిందీ, బెంగాలీ మూడింటా కడిగివేసేది. ఆ సాయంత్రమే వాళ్ళ పిల్లవాడికి జ్వరమని తెలిస్తే చారుగిన్నెతో వాళ్ళ గుమ్మంలో నిలబడేది. ఆమె మెత్తదనం కాస్త ఆలస్యంగా తెలిసేది.

అమ్మ పోయి మూడేళ్ళయింది. క్రిందటి వేసవిలో ఆ ట్రంకుపెట్టె తెరిచాను. మొగలిరేకులు గోధుమరంగు తిరిగి, ముట్టుకుంటే పొడి అయిపోయాయి. వాటిలో ఏ వాసనా లేదు. చీరల అంచులకు మాత్రం చందనం ఇంకా అంటుకుని ఉన్నది. ఒక చీరను ముఖానికి ఆనించుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

కరపత్రం పూర్తిచేసి ఇచ్చాను. 'ఉడీ' అన్నచోట 'చందనపు నిలకడ గల పూలతావి' అని వ్రాశాను. ఎవరికి తగునన్న వాక్యాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్లు అనువదించవలసి వచ్చింది. అనువాదకురాలికి అంతకు మించిన స్వేచ్ఛ లేదు.