మొహల్లా పిల్లల లెక్క మన దగ్గర ఉందా?

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక సందర్భంలో, ఇస్లాం స్వీకరించిన వారి పేర్లు రాసి తెమ్మని సహచరులను ఆదేశించారు. లెక్కించగా పదిహేను వందల మంది తేలారు. హజ్రత్ హుజైఫా (రజి) ద్వారా అందిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. మనుషులను లెక్కపెట్టడం సర్కారు పనేగాని దీన్‌కు దానితో సంబంధం లేదనుకునే వారు దీనిని గుర్తు చేసుకోవాలి. మనం ఉర్దూలో 'మర్దుమ్ షుమారీ' అని పిలిచే పనికి మదీనాలోనే ఆదర్శం దొరుకుతోంది.

దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా కూడా ఇలాంటి ముందుచూపునే మన కళ్ల ముందు నిలుపుతుంది. ఏడేళ్లు పంటలు పండుతాయి, ఆ తరువాత ఏడేళ్లు కరవు వస్తుంది. హజ్రత్ యూసుఫ్ (అ) కరవు వచ్చాక గాదెలు కట్టించలేదు. పండిన ఏళ్లలోనే ధాన్యాన్ని వెన్నులతో సహా నిలవ చేయించారు.

బడి సీట్ల విషయంలో మనకు కలలకు అర్థం చెప్పేవారితో కూడా పని లేదు. ఈ ఏడాది పుట్టిన బిడ్డ ఆరేళ్లకు ఒకటో తరగతికి, పదకొండేళ్లకు ఆరో తరగతికి, పద్నాలుగేళ్లకు తొమ్మిదికి వస్తుంది. ఆ బిడ్డ ఇప్పటికే మన ఇంటి ఊయలలో ఉంది. అయినా ప్రతి జూన్‌లోనూ తల్లిదండ్రులు దరఖాస్తు పట్టుకుని ఒక బడి నుంచి మరో బడికి తిరుగుతూనే ఉన్నారు.

హైదరాబాదు దక్షిణ భాగాన్నే చూడండి. 2011 జనగణన ప్రకారం హైదరాబాదు జిల్లా జనాభా 39 లక్షల 43 వేలు. అందులో ముస్లింలు నూటికి 43 మందికి పైగా ఉన్నారు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా లెక్కింపు ఉంటుందని 2025లో కేంద్రం ప్రకటించింది. ఈలోగా మనుషులు ఉన్నచోట ఉండలేదు. చార్మినార్ చుట్టుపక్కల ఇరుకు ఇళ్లలో అన్నదమ్ములు వేరుపడి, అద్దెలు భరించలేక హఫీజ్‌బాబానగర్, బండ్లగూడ దాటి షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ వైపు వెళ్లారు. ఫలితం ఏమిటంటే, పాత గల్లీలోని బడిలో గదులు ఖాళీగా ఉండవచ్చు, కొత్త బస్తీలో కూర్చోవడానికి బెంచీ దొరకకపోవచ్చు. జిల్లా మొత్తానికి సీట్లు సరిపోయాయని కాగితం మీద చూపిస్తే ఈ తేడా కనబడదు. పైగా షాహీన్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది, దాని పక్కనే ఉన్న బార్కస్ హైదరాబాదు జిల్లాది. మనుషులకు అది ఒకే రోడ్డు. విద్యాశాఖకు మాత్రం రెండు జిల్లాలు, ఇద్దరు అధికారులు.

ముస్లిం బస్తీ పెరిగిందనగానే కాన్పుల గురించి ఎకసెక్కాలు ఆడేవారు ఉంటారు. వారికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలే జవాబు. 1992-93లో ఒక ముస్లిం మహిళకు సగటున 4.4 మంది పిల్లలు ఉండగా 2019-21 నాటికి అది 2.4కు తగ్గింది. కొత్త బస్తీలు నిండుతున్నది ప్రధానంగా వలస వల్ల. కాబట్టి పుట్టుకల రిజిస్టరు ఒక్కటే చూస్తే చాలదు. ఎవరు ఎక్కడికి మారారో కూడా చూడాలి.

చట్టం మన పక్షానే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింద, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు నివాసానికి ఒక కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలి. తన పరిధిలోని పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాలను రాసి ఉంచడం స్థానిక సంస్థ బాధ్యత అని అదే చట్టం చెబుతోంది. మీ వార్డులో ఆ రిజిస్టరు ఉందా అని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మొహల్లాలో ఒక్కో ఈడు పిల్లలు అరవై మంది చొప్పున సర్కారు బడికి వస్తారనుకుందాం. ఒకటి నుంచి ఐదు వరకు 300 మంది. రెండు వందలు దాటిన బడిలో నలభై మందికి ఒక టీచరు కంటే తగ్గరాదు కనుక ప్రధానోపాధ్యాయుడు గాక ఎనిమిది మంది కావాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో 180 మంది ఉంటారు. అక్కడ ముప్పై ఐదు మందికి ఒకరు చొప్పున ఆరుగురు కావాలి. టీచరుకు ఒక గది చొప్పున పద్నాలుగు గదులు తేలుతున్నాయి. తొమ్మిది, పది తరగతులకు తరగతికి రెండు సెక్షన్లు వేసుకున్నా మరో నాలుగు గదులు. రెండు గదుల బడి ఉన్నచోట పద్దెనిమిది గదుల అవసరం ఉందని ఇలా బయటపడుతుంది.

అసలు పిల్లలు జారిపోయేది ఆ చివరి నాలుగు గదుల దగ్గరే. చట్టం హామీ పద్నాలుగేళ్లతో, అంటే ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదో తరగతి దూరంగా ఉంటే అబ్బాయి మెకానిక్ షెడ్డుకు వెళతాడు, అమ్మాయి ఇంట్లో కూర్చుంటుంది. తండ్రికి చదువంటే ఇష్టం లేదని మనం తేలికగా అనేస్తాం. రెండు ఆటోలు మారి వెళ్లవలసిన బడికి పద్నాలుగేళ్ల కూతురిని పంపడానికి ఏ తండ్రి అయినా వెనకాడతాడు. బడి పక్క వీధిలో ఉన్నచోట అదే తండ్రి పంపుతున్నాడు.

సీటు అంటే బెంచీ ఒక్కటే కాదు. ఉర్దూ మీడియం సెక్షను ఉన్నా టీచరు లేకపోతే అది సీటు కాదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. కాని ఉర్దూ మీడియం పోస్టుల్లో కొన్ని వర్గాలకు కేటాయించినవి, ఆ వర్గాల్లో ఉర్దూ చదివిన అభ్యర్థులు లేక తరచూ ఖాళీగా మిగిలిపోతున్నాయి. టీచరు లేని సెక్షనులో పిల్లలు తగ్గుతారు. తగ్గారు కనుక సెక్షను ఎత్తివేయవచ్చునంటారు. డాక్టరు లేని ఆసుపత్రికి రోగులు రావడం లేదని తాళం వేయడం వంటిదే ఇది.

2016లో మొదలై 204కు చేరిన తెలంగాణ మైనారిటీ గురుకులాలు నిస్సందేహంగా మేలు చేశాయి. అయితే గురుకులం చేరేది ఐదో తరగతి నుంచి, అదీ ఇల్లు విడిచి ఉండగలిగిన పిల్లలకు. వీధి బడి చేయవలసిన పనిని అది చేయలేదు.

మదర్సాల మాట కూడా చెప్పాలి. నేను మదర్సాలో చదివినవాణ్ణే కనుక మొహమాటం లేకుండా చెబుతున్నాను. 2012 సవరణతో మదర్సాలు విద్యాహక్కు చట్టం పరిధిలో లేకుండా పోయాయి. అంతమాత్రాన అక్కడి పిల్లలను లెక్కలో నుంచి వదిలేయడం తగదు. హిఫ్జ్ ముగించుకున్న బాలుడు పన్నెండేళ్లకో పదమూడేళ్లకో వయసుకు తగిన తరగతి కోసం వస్తాడు. అతనికీ ఒక చోటు ఉంచాలి. ఉదయం మక్తబ్ వేళలు, బడి వేళలు ఢీకొనకుండా చూసుకోవడం మన చేతిలోని పనే.

ఇక లెక్క ఎవరు తీయాలి? ప్రతి మస్జిద్ కమిటీకి తన మొహల్లా హద్దులు తెలుసు. చదువుకున్న నలుగురు యువకులు, ఇళ్ల లోపలికి వెళ్లగలిగిన నలుగురు అమ్మాయిలు నాలుగు వారాల్లో ఇల్లిల్లూ తిరగగలరు. బిడ్డ వయసు, ఆడా మగా, ఎక్కడ చదువుతోంది, ఏ మీడియం, మానేస్తే ఏ తరగతిలో మానేసింది అనేవి రాస్తే సరిపోతుంది. పొరుగునున్న హిందూ, క్రైస్తవ సోదరుల పిల్లలను కూడా రాయండి, బడి అందరిదీ. జనన ధ్రువపత్రం ఉందా అని కూడా అడగండి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన వారికి పుట్టిన తేదీ రుజువు ఆ పత్రమే. 21 రోజుల్లో నమోదు చేయిస్తే పేచీ ఉండదు. అయితే వయసు రుజువు లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకుండా ఉండరాదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఈ మాట కూడా తల్లులకు చెప్పండి.

ఈ వివరాలు పాఠశాల యాజమాన్య కమిటీకి చేరాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. రాబోయే మూడేళ్లలో తరగతివారీగా ఎంతమంది పిల్లలు వస్తారు, ఎన్ని గదులు, ఎందరు టీచర్లు అదనంగా కావాలి అని అభివృద్ధి ప్రణాళిక రాయవలసింది ఆ కమిటీయే. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు ముగిసేలోగా అది తయారు కావాలి. జనవరిలో ఇచ్చిన కాగితం మరుసటి ఏడాదికి పోతుంది.