ఇంటి వంటలో తీపి ఎంపిక: చక్కెర, బెల్లం, కృత్రిమ తీపి పదార్థాలు

ఇంట్లో ఒకరికి మధుమేహం నిర్ధారణ అయినప్పుడు వంటగదిలో సాధారణంగా జరిగే మొదటి మార్పు చక్కెర డబ్బా స్థానంలోకి బెల్లమో, తేనెయో, తీపి బిళ్లలో రావడం. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతోను, 13.6 కోట్ల మంది దాని ముందు దశలోను ఉన్నారు. కనుక "ఏ తీపి మంచిది?" అన్న ప్రశ్న గృహవిజ్ఞాన శిక్షణలలో విస్తరణ శాస్త్రవేత్తకు తరచుగా ఎదురవుతుంది. తీపి పదార్థం పేరును బట్టి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం సరికాదు. ఎంత మోతాదు, ఎవరి కోసం, ఏ వంటకంలో అన్న మూడు అంశాలను పరిశీలించిన తరువాతనే సలహా ఇవ్వవలసి ఉంటుంది.

మోతాదు లెక్క

ఆహారంలో విడిగా కలిపే చక్కెరలతో పాటు తేనె, పండ్ల రసాలలోని చక్కెరలను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకే వర్గంగా పరిగణిస్తుంది. వీటి నుండి లభించే శక్తి రోజువారీ మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతానికి తగ్గించగలిగితే మరింత మేలని ఆ సంస్థ 2015లో సూచించింది. 2000 కిలో క్యాలరీల ఆహారానికి ఇవి వరుసగా 50, 25 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలు కూడా రోజుకు 20–25 గ్రాముల పరిమితినే సూచించాయి. పూర్తి పండులోను, పాలలోను సహజంగా ఉండే చక్కెరలు ఈ లెక్కలోకి రావు.

ఒక టీ చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. దాని నుండి లభించే శక్తి 20 కిలో క్యాలరీలు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు కప్పుల టీ తాగితే 30 గ్రాములు చేరినట్లే. 300 మి.లీ. శీతల పానీయంలో కూడా సాధారణంగా సుమారు అంతే చక్కెర ఉంటుంది. గృహిణులకు గ్రాముల కన్నా నెల సరుకుల లెక్క సులభంగా అర్థమవుతుంది. రోజుకు 25 గ్రాముల చొప్పున నలుగురు పెద్దవారున్న కుటుంబానికి నెలకు 3 కిలోలు. చక్కెర, బెల్లం, తేనెతో పాటు బయట కొనే మిఠాయిలు, పానీయాలలోని తీపి కూడా ఈ 3 కిలోలలోనే ఇమడాలి.

బెల్లం, తాటి బెల్లం, తేనె

బెల్లంలో సుమారు 65 నుండి 85 శాతం వరకు సుక్రోజు, కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు, మిగిలిన భాగంలో తేమ, ఖనిజ లవణాలు ఉంటాయి. శక్తి విషయంలో చక్కెరకు, బెల్లానికి ఉన్న వ్యత్యాసం స్వల్పం. రక్తంలో గ్లూకోజును పెంచే వేగంలోనూ బెల్లం చక్కెరకు తీసిపోదు. కనుక మధుమేహం ఉన్నవారికి చక్కెర బదులు బెల్లం సురక్షితమన్న నమ్మకానికి ఆధారం లేదు. పైగా ఈ నమ్మకం వల్ల టీలో చక్కెర మానినవారు అంతకు మించి బెల్లం వాడే ప్రమాదం ఉంది.

బెల్లంలో ఇనుము ఉన్న మాట నిజమే. అయితే 10 గ్రాముల బెల్లం నుండి లభించేది సుమారు అర మిల్లీగ్రాము మాత్రమే. ఐసీఎంఆర్ 2020 సిఫారసుల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు అవసరం. కనుక రక్తహీనత నివారణకు బెల్లాన్ని ప్రధాన ఆధారంగా సూచించరాదు. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, రాగులు, మాంసాహారం, వైద్యులు సూచించిన ఇనుము మాత్రలు ఆ పని చేయాలి.

తాటి బెల్లంలోనూ ప్రధాన భాగం సుక్రోజే. పటిక బెల్లం పేరులో బెల్లం ఉన్నా అది స్ఫటికాల రూపంలోని చక్కెర మాత్రమే. తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే. గ్రాముకు శక్తి చక్కెర కన్నా కొంత తక్కువైనా తేనె చిక్కని ద్రవం కావడం వల్ల ఒక టీ చెంచా సుమారు 7 గ్రాములు తూగుతుంది. అందువల్ల చెంచా లెక్కన రెండింటి శక్తి దాదాపు సమానం. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించరాదు. అందులో ఉండగల క్లాస్ట్రీడియం బోట్యులినమ్ సిద్ధబీజాలు శిశువు పేగులలో మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని ఉత్పత్తి చేయగలవు.

బెల్లానికి దాని విలువ లేకపోలేదు. రుచి, సువాసన, రైతు స్థాయిలో విలువ జోడింపు, గ్రామీణ ఉపాధి ఆ విలువలో భాగాలు. అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి కేంద్రాల కృషి నాణ్యమైన బెల్లం తయారీకి తోడ్పడుతున్నది. వినియోగదారునికి రంగు విషయంలో అవగాహన కల్పించాలి. మెరిసే పసుపు రంగు కోసం కొన్నిచోట్ల హైడ్రోస్ అధికంగా కలుపుతారు. బెండ జిగురు వంటి వృక్ష సంబంధ పదార్థాలతో మడ్డి తీసిన బెల్లం కొంత ముదురు రంగులో ఉన్నా దానికి ప్రాధాన్యమివ్వాలి. అయితే నాణ్యమైన బెల్లాన్ని ప్రోత్సహించడం వేరు, దానిని మధుమేహులకు తగిన ఆహారంగా ప్రచారం చేయడం వేరు. ఒకే శిక్షణలో ఈ రెండింటినీ కలిపి చెప్పరాదు.

కృత్రిమ తీపి పదార్థాలు

1879లో కనుగొన్న శాకరిన్ వీటిలో మొదటిది. చక్కెరతో పోల్చితే శాకరిన్ సుమారు 300 రెట్లు, 1965లో కనుగొన్న ఆస్పర్టేమ్ సుమారు 200 రెట్లు, సుక్రలోజ్ సుమారు 600 రెట్లు తీపి. అతి స్వల్ప పరిమాణం సరిపోవడం వల్ల వీటి నుండి లభించే శక్తి లెక్కించదగినంత ఉండదు.

2023 జూలైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఆస్పర్టేమ్‌ను 2బి వర్గంలో, అనగా పరిమిత ఆధారాలతో 'క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న వర్గంలో చేర్చింది. ఆహార సంకలితాలపై ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల సంఘం అదే సమయంలో, శరీర బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చవలసిన అవసరం లేదని తేల్చింది. 60 కిలోల వ్యక్తికి ఇది 2400 మిల్లీగ్రాములు. టీలో ఒకటి రెండు బిళ్లలు వాడేవారు ఈ పరిమితికి చాలా దూరంలో ఉంటారు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యు లోపం ఉన్నవారు మాత్రం ఆస్పర్టేమ్‌ను పూర్తిగా మానవలసిందే.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు నియంత్రణ కోసం చక్కెరేతర తీపి పదార్థాలపై ఆధారపడవద్దని సూచించింది. దీర్ఘకాలంలో వీటివల్ల శరీర కొవ్వు తగ్గిన దాఖలాలు లేకపోవడం ఇందుకు కారణం. ఇది షరతులతో కూడిన సిఫారసు. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదు. ఈ సిఫారసు స్టీవియాకు కూడా వర్తిస్తుంది.

స్టీవియా

పరాగ్వే ప్రాంతానికి చెందిన స్టీవియా మొక్క ఆకుల నుండి వేరుచేసిన స్టీవియాల్ గ్లైకోసైడ్లు చక్కెర కన్నా 200–300 రెట్లు తీపి. అంతర్జాతీయంగా భద్రతా పరిమితి నిర్ణయించినది శుద్ధి చేసిన ఈ పదార్థాలకే. ఇంట్లో ఎండబెట్టి పొడి చేసిన ఆకులకు ఆ పరిమితిని అన్వయించలేము. అంతేగాక, మార్కెట్లో లభించే కొన్ని స్టీవియా పొట్లాలలో పరిమాణం కోసం మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ కలుపుతారు. ఇవి రక్తంలో గ్లూకోజును పెంచుతాయి. కనుక పొట్లం వెనుక ఉన్న పదార్థాల పట్టికను చదవడం అలవాటు చేయాలి.

వంటకాన్ని బట్టి ఎంపిక

వంటలో చక్కెర, బెల్లం తీపితో పాటు పాకాన్ని, పరిమాణాన్ని, తేమను, రంగును, నిల్వ గుణాన్ని కూడా ఇస్తాయి. అరిసెలకు, నువ్వుల ఉండలకు పాకమే ఆధారం. జాము, బెల్లం ఆవకాయలలో చక్కెరలు నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకుంటాయి. తీపి బిళ్లలు ఈ పనులు చేయలేవు. ఆస్పర్టేమ్ వేడికి తీపిని కోల్పోతుంది. సుక్రలోజ్‌ను కూడా నూనెలో వేయించే, ఓవెన్‌లో కాల్చే వంటకాలలో వాడకపోవడం మంచిది. కనుక పండుగ పిండివంటలను సంప్రదాయ పద్ధతిలోనే చేసుకుని, వాటి పరిమాణాన్ని, సంఖ్యను తగ్గించుకోవడం మేలు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. ఆరోగ్యవంతుల కుటుంబాలకు ప్రత్యామ్నాయం కన్నా తగ్గింపునే సూచించాలి. టీలో చక్కెరను రెండు మూడు వారాలకు అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక క్రమంగా అలవాటు పడుతుంది.

2. మధుమేహం ఉండి తియ్యని టీ మానలేనివారు వైద్య సలహాతో పరిమితంగా తీపి బిళ్లలు వాడవచ్చు. బెల్లం, తేనె, పటిక బెల్లం వీరికి చక్కెరతో సమానమని స్పష్టంగా చెప్పాలి.

3. ఇన్సులిన్ లేదా గ్లూకోజును బాగా తగ్గించే మాత్రలు వాడేవారి ఇంట్లో గ్లూకోజు లేదా చక్కెర తప్పక ఉండాలి. చెమట, వణుకు, తడబాటు కనిపించి గ్లూకోజు పడిపోయినప్పుడు, స్పృహలో ఉన్నవారికి మూడు టీ చెంచాల చక్కెరను నీటిలో కలిపి ఇవ్వాలి. అప్పుడు కృత్రిమ తీపి పదార్థాలు ఏమాత్రం పనిచేయవు. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

4. చిన్నపిల్లలకు తీపి బిళ్లలు, కృత్రిమ తీపి పానీయాలు అలవాటు చేయరాదు. తీపి కోరినప్పుడు జామ, అరటి, సపోటా వంటి పండ్లను ఇవ్వడం ఉత్తమం.

ముగింపు

సహజమైనది కావడం వల్ల ఏ తీపీ పరిమితికి అతీతం కాదు. కృత్రిమమైనది కావడం వల్ల ప్రతిదీ విషమూ కాదు. బెల్లం పండించే రైతుకు మంచి ధర రావాలి, బెల్లం తినే మధుమేహికి నిజం తెలియాలి. నెల సరుకుల చీటీలో అన్ని తీపి పదార్థాల మొత్తం బరువును రాసుకునే అలవాటును ప్రతి కుటుంబంలో పెంపొందించగలిగితే విస్తరణ లక్ష్యం చాలావరకు నెరవేరుతుంది.