గెలీలియో అంటే ఏమిటి?

గెలీలియో పేరు మీరంతా వినే ఉంటారు. దూరదర్శినితో ఆకాశాన్ని పరిశీలించి, గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులను కనిపెట్టిన ఇటలీ శాస్త్రజ్ఞుడాయన. అయితే, గెలీలియో అన్నది ఇంటిపేరా, పెట్టినపేరా? ఆ మాటకు అర్థం ఏమిటి?

ఆయన పూర్తి పేరు గెలీలియో గెలీలీ. ఇందులో మొదటిది పెట్టినపేరు, రెండవది ఇంటిపేరు. రెండూ ఒకటే మాటలాగా ఉన్నాయి గదా? నిజానికి ఒకటే మాట. గెలీలియో అంటే ఒక మనిషి. గెలీలీ అన్నది బహువచనం, అంటే గెలీలియో వంశంవాళ్ళు అన్నమాట. ఇటలీవాళ్ళు తమ మహాపురుషులను కొందరిని పెట్టినపేరుతోనే పిలుచుకుంటారు. దాంతే, మికెలాంజెలో కూడా అలాంటి పేర్లే.

ఈ మాట పుట్టినది ఇటలీలో కాదు. మధ్యధరా సముద్రానికి తూర్పున, ఈనాటి ఇజ్రాయెల్ ఉత్తర భాగాన ఒక కొండసీమ ఉన్నది. ఏసుక్రీస్తు పెరిగిన నజరేతు అక్కడిదే. తెలుగు బైబిలులో ఈ సీమ పేరు గలిలయ. గలిలయవాణ్ణి లాటిన్ భాషలో "గలిలేయుస్" అనేవారు. ఆ మాటే ఇటలీవాళ్ళ నోట గెలీలియో అయింది.

ఇంకా వెనక్కు పోతే, హీబ్రూ భాషలో "గలీల్" అనే మాట కనిపిస్తుంది. దానికి చుట్టు లేక వలయం అనీ, ప్రాంతం అనీ రెండర్థాలున్నాయి. తెలుగువాళ్ళకు ఇది వింతగా తోచదు. సూర్యమండలం అన్నప్పుడు మండలం అంటే గుండ్రని బింబం. "మీ ఊరు ఏ మండలంలో ఉన్నది?" అని అడిగితే మాత్రం, అది కొన్ని ఊళ్ళు కలిసిన ప్రాంతం. గలీల్ కూడా అలాంటి మాటే.

ఈ పేరు ఒక వంశానికి ఇంటిపేరు ఎలా అయింది? 15వ శతాబ్దంలో ఫ్లారెన్సు నగరంలో గెలీలియో బొనాయూతీ అనే వైద్యుడుండేవాడు. ఆయన విద్యార్థులకు పాఠాలు చెప్పాడు, నగరపాలనలో పదవులు కూడా చేశాడు. ఆయన పేరుప్రతిష్ఠలను బట్టి, వంశంవాళ్ళు బొనాయూతీ అనే పాత ఇంటిపేరు వదిలి, గెలీలీ అని పెట్టుకున్నారు. ఆ వైద్యుణ్ణి ఫ్లారెన్సులోని సాంతా క్రోచే చర్చిలో సమాధి చేశారు.

ఆ వంశంలోనే 1564 ఫిబ్రవరి 15న, పీసా నగరంలో మన శాస్త్రజ్ఞుడు పుట్టాడు. తండ్రి విన్‌చెంజో సంగీత విద్వాంసుడు. ఆ ప్రాంతంలో కొన్ని కుటుంబాలవాళ్ళు పెద్దకొడుకుకు ఇంటిపేరునే పేరుగా పెట్టేవారు. అలా వైద్యుడి పేరు మళ్ళీ ఒక పిల్లవాడికి వచ్చింది.

1610 జనవరిలో గెలీలియో తన దూరదర్శినిని గురుగ్రహం వైపు తిప్పాడు. దాని చుట్టూ నాలుగు చంద్రులు తిరుగుతున్నట్టు తెలుసుకున్నాడు. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న పాత నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ. గెలీలియో వాటికి తన పేరు పెట్టుకోలేదు. ఫ్లారెన్సును ఏలే మెడిచీ ప్రభువుల పేర "మెడిచీ నక్షత్రాలు" అన్నాడు.

భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని గెలీలియో వాదించటం మతాధికారులలో కొందరికి నచ్చలేదు. 1614 డిసెంబరులో ఫ్లారెన్సు చర్చిలో కచ్చీనీ అనే సన్యాసి ఆయనను దుయ్యబడుతూ ఉపన్యసించాడు. అప్పుడాయన గెలీలియో పేరుతోనే ఎగతాళి చేశాడని చెబుతారు. బైబిలులో ఒక ఘట్టం ఉన్నది. క్రీస్తు పైకి వెళ్ళిపోయాక, గలిలయవాళ్ళయిన ఆయన శిష్యులు ఆకాశంకేసి చూస్తూ నిలబడిపోతారు. ఎందుకలా చూస్తున్నారని వాళ్ళను దేవదూతలు అడుగుతారు. లాటిన్‌లో "గలిలయవాళ్ళు" అన్న మాటా, "గెలీలీ" అన్న ఇంటిపేరూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఇక ఎగతాళికి ఏం కొదవ?

కాని వ్యవహారం ఎగతాళితో ఆగలేదు. 1633లో రోములో గెలీలియోను విచారించి, తన అభిప్రాయం తప్పని ఆయన చేతనే బలవంతాన చెప్పించారు. ఆయన పుస్తకాన్ని నిషేధించారు. అప్పటినుంచి ఆయన నిర్బంధంలోనే ఉండి, ఫ్లారెన్సు దగ్గర ఆర్చేత్రిలో తన ఇంట్లో 1642 జనవరి 8న చనిపోయాడు. సాంతా క్రోచేలో పెద్దల సరసన తనకు చోటు కావాలని ఆయన కోరుకున్నాడు. కాని శిక్ష పడినవాడికి చర్చిలో ఘనమైన సమాధి కట్టరాదన్నారు. ఒక పక్కనున్న చిన్న గదిలో పాతిపెట్టారు. 95 ఏళ్ళు గడిచాక, 1737లో, ఆయన అస్థికలను చర్చి లోపలికి తెచ్చి పాలరాతి సమాధి కట్టారు. ఇప్పుడు ఆ చర్చిలో ఇద్దరు గెలీలియోలున్నారు. వైద్యుడి సమాధి నేలమీది రాతిపలక. శాస్త్రజ్ఞుడిది గోడవారగా లేచిన పెద్ద కట్టడం.

ఆయన న్యాయమూర్తులు పొరబడ్డారని 1992లో పోప్ రెండవ జాన్ పాల్ ఒప్పుకున్నాడు. అప్పటికే ఆ పేరు భూమిని దాటింది. 1989లో బయలుదేరిన "గెలీలియో" అనే వ్యోమనౌక 1995లో గురుగ్రహం చేరి, 2003 వరకు పనిచేసింది. కిందపడే వస్తువుల వేగం ఎంత త్వరగా పెరుగుతుందో కొలిచే ఒక కొలతకు, ఈ పేరులోని మొదటి ముక్క తీసుకుని, "గాల్" అని పేరు పెట్టారు. భూమి మీద ఆ పెరుగుదల సుమారు 980 గాల్‌లు.

మరి ఆ నాలుగు చంద్రులు? వాటిని మెడిచీ నక్షత్రాలని ఇప్పుడెవరూ పిలవరు. అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో అని వేరువేరుగానూ, "గెలీలియో చంద్రులు" అని కలిపీ పిలుస్తారు. గురుగ్రహం బాగా కనిపించే రాత్రి బైనాక్యులర్ కదలకుండా పట్టుకుని చూడండి. గ్రహానికి అటూ ఇటూ, ఒకే వరసలో, చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. మర్నాడు మళ్ళీ చూడండి. అవి చోట్లు మారి ఉంటాయి.