దాక్కోవడానికి పనికిరాని దొంగల గుహ

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి దక్షిణపు కొసన, ఒహాయో నది ఉత్తర గట్టు మీద కేవ్-ఇన్-రాక్ అనే చిన్న ఊరుంది. ఊరి పక్కనే, నది మీదికి నిటారుగా లేచిన సున్నపురాతి చరియలో ఒక పెద్ద గుహ. 1929 నుంచి ఆ చోటు రాష్ట్ర పార్కు. సెయింట్ లూయిస్, నాష్‌విల్ లాంటి నగరాల్లో స్థిరపడ్డ మనవాళ్లు ఉదయం కారులో బయల్దేరితే చూసుకుని రాత్రికి ఇల్లు చేరగలిగే దూరం. చూడబోయేవాళ్లకు ముందే చెవిన పడే కథ ఒకటుంది. ఇది నదీ దొంగల రహస్య స్థావరమని, శామ్యూల్ మేసన్ ముఠా ఏళ్ల తరబడి ఇందులో దాక్కుని వచ్చే పోయే పడవల్ని కొల్లగొట్టిందని, హార్ప్ సోదరులు ఇక్కడే మనుషుల్ని చంపి కుప్పలు పోశారని, దోచిన బంగారం లోపల ఇంకా ఎక్కడో ఉందని. ఇదంతా కట్టుకథేమీ కాదు. మేసన్ ఉన్నాడు, హార్ప్‌లు ఉన్నారు, దోపిడీలూ హత్యలూ జరిగాయి. అయితే కథ అసలు విషయాన్ని తలకిందులు చేసింది. ఈ గుహ దొంగల్ని దాచలేదు. నదిలో పోయే ప్రతివాడి కళ్లకూ ఎదురుగా కనబడింది. వాళ్లకు పనికొచ్చింది ఆ కనబడటమే.

గుహ ముందు నిలబడితే ఈ మాట రుజువు చేయడానికి పెద్ద వాదన అక్కర్లేదు. దాని నోరు సుమారు 55 అడుగుల వెడల్పు. అది తెరుచుకున్నది అడవిలోకో లోయలోకో కాదు, నేరుగా నది మీదికే. ఎదురుగా ఉన్నది కెంటకీ గట్టు. నది మధ్యలో పోయే పడవ మీంచి చూస్తే రాతిగోడలో ఆ నల్లటి కమాను దూరం నుంచే తెలుస్తుంది. ఇంత కొట్టొచ్చినట్టు కనబడేది కాబట్టే 18వ శతాబ్దపు ఫ్రెంచి పటాల్లోకి ఎక్కింది. పిట్స్‌బర్గ్‌లో జాడక్ క్రేమర్ అచ్చువేసి పడవవాళ్లకు అమ్మిన నదీమార్గ దర్శినిలో కూడా దీని ప్రస్తావన ఉంది. 1808లో ఇటుగా వెళ్లిన ఫోర్టెస్క్యూ కమింగ్ తన యాత్రా గ్రంథంలో దీన్ని వర్ణించాడు. గోడల నిండా బాటసారులు తమ పేర్లు చెక్కుకుని పోయేవారు. 1830లలో జర్మన్ రాజకుమారుడు మాక్సిమిలియన్‌తో యాత్ర చేసిన చిత్రకారుడు కార్ల్ బోడ్మర్ ఈ గుహ బొమ్మ గీశాడు. అచ్చు పుస్తకంలో ఆనవాలు ఉండి, దారిన పోయేవాళ్లు ఆగి పేర్లు చెక్కుకునే చోటును రహస్య స్థావరం అనడం ఎలా కుదురుతుంది?

మరి దొంగలు ఇక్కడికే ఎందుకు వచ్చారు? జవాబు గుహలో లేదు, నదిలో ఉంది. 1790లలో అప్పలాచియన్ కొండలకు పడమటి వైపు స్థిరపడ్డ రైతుకు పంట అమ్ముకోవడానికి ఉన్న దారి దిగువకే. పిండి, ఉప్పుపట్టిన పంది మాంసం, పొగాకు, విస్కీ పీపాలు నింపుకుని, అడుగు చదునుగా ఉండే పెద్ద చెక్కపెట్టె లాంటి పడవ మీద ఒహాయోలో దిగి, మిసిసిపీలోకి మళ్లి నాచెజ్‌కో న్యూ ఆర్లీన్స్‌కో చేరాలి. 1795లో స్పెయిన్‌తో కుదిరిన ఒప్పందం మిసిసిపీలో అమెరికా పడవలు స్వేచ్ఛగా తిరిగే హక్కును, న్యూ ఆర్లీన్స్‌లో సరుకు దించుకునే హక్కును ఇచ్చింది. దాంతో ఒహాయో మీద రద్దీ పెరిగింది. మేసన్ గుహకు చేరింది 1797లో. ఆ రెండు తేదీలూ అంత దగ్గరగా ఉండటం యాదృచ్ఛికమని నేననుకోను. ఆ పడవలు ఎదురీదలేవు. సరుకు అమ్మాక పడవను కూడా విప్పి కలపగా అమ్మేసి, మనుషులు నాచెజ్ ట్రేస్ అనే అడవి బాటన కాలినడకనో గుర్రం మీదో నెలల తర్వాత ఇల్లు చేరేవారు. అంటే దారిలో ఒక పడవ మాయమైతే ఇంటి దగ్గరవాళ్లకు ఆ సంగతి అనుమానంగానైనా తోచడానికి నెలలు పట్టేది. పైగా నదికి అటు కెంటకీ 1792 నుంచి రాష్ట్రం, ఇటు గుహ ఉన్న గట్టు జనం పలచగా, అధికారులు ఎక్కడో దూరంగా ఉన్న టెరిటరీ నేల. ఇల్లినాయ్ రాష్ట్రమయింది 1818లో. దొంగకు కావలసినవి ఇవే: ఒకే వైపు సాగే సరుకు, ఆలస్యంగా పుట్టే అనుమానం, గీత దాటితే చేతులు కట్టేసుకునే చట్టం.

అలాంటి చోట దాక్కోవడం కంటే పిలవడం మేలు. పిట్స్‌బర్గ్ నుంచి సుమారు 1,400 కిలోమీటర్లు దిగి అలసిపోయిన పడవవాడికి, పైన కప్పూ ముందు రేవూ ఉన్న గుహ ఆగి సేదదీరే మజిలీగా కనబడేది. మేసన్ గుహ ముందు మద్యం, విడిది దొరుకుతాయని బోర్డు పెట్టాడని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. బోర్డు నిజంగా ఉన్నదా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆ కథ చెప్పేవాళ్లే ఇది రహస్య స్థావరమని కూడా చెబుతారు. బోర్డు కట్టి పిలిచేవాడు దాక్కున్నవాడు కాడు కదా. రెండో పద్ధతి కూడా ఇలాంటిదే. గుహకు కాస్త దిగువన హరికేన్ లంక దగ్గర ఇసుక మేటలతో పాయ ప్రమాదకరం. అక్కడ దారి చూపే సరంగులమని చెప్పి పడవెక్కి, దాన్ని మేట మీదికి ఎక్కించి దోచుకునేవారట. ఈ రెండు మోసాలకూ ముసుగు మర్యాదే. బాధితుడు తనంతట తాను నమ్మి దగ్గరికి రావాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. గుహ లోపలికి పోతే చీకటి, వెనక పైకి పోయే సందు ఉంది, అక్కడ దాక్కోవచ్చు కదా అని. దొంగ దాక్కోవడానికి చూసే చోట తప్పించుకునే దారి ముందు ఉండాలి. ఇక్కడ మనుషులు మామూలుగా తిరిగే దారి ఒక్కటే, అదీ నది వైపు. కింద రెండు పడవలు అడ్డం పెడితే లోపలున్నవాడు బోనులో పడ్డట్టే. నది పొంగితే నీళ్లు గుహలోకే వస్తాయి. ఇప్పటికీ వరద రోజుల్లో సందర్శకులు లోపలికి వెళ్లలేరు. మేసన్ నడతే దీనికి గట్టి సాక్ష్యం. 1799లో కెంటకీ నుంచి ప్రజలు దండుగా కదిలి నది పొడవునా దొంగల్ని తరిమినప్పుడు అతను గుహను కోటలా పట్టుకుని నిలబడలేదు. విడిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతనికి ఆశ్రయమిచ్చింది ఏ రాయీ కాదు, సరిహద్దు. మిసిసిపీకి పడమటి గట్టు అప్పుడు స్పెయిన్‌ది. తూర్పున దోచి పడమటికి దాటేవాడు. 1803లో స్పానిష్ అధికారులు అతన్ని పట్టుకుని న్యూ మాడ్రిడ్‌లో విచారించారు. ఆ విచారణ పత్రాలు ఫ్రెంచిలో ఇప్పటికీ ఉన్నాయి. తప్పించుకున్నాడు గానీ అదే ఏడు బహుమతి కోసం అతని మనుషులే తల నరికి తెచ్చారు. తెచ్చినవాళ్లలో ఒకడు మారుపేరుతో తిరుగుతున్న చిన్న హార్ప్. అతన్ని గుర్తుపట్టి 1804లో మిసిసిపీ టెరిటరీలో ఉరితీశారు.

ఏళ్ల తరబడి సాగిన దొంగల రాజ్యం అనే మాట కూడా లెక్కకు నిలవదు. మేసన్ ఇక్కడ ఉన్నది రెండేళ్లకు అటూ ఇటూ. హార్ప్ సోదరులు 1799లో కొన్ని వారాలు మాత్రమే. వాళ్ల హత్యల్లో ఎక్కువ భాగం టెన్నెసీ, కెంటకీ అడవి బాటల మీద జరిగాయి. పెద్ద హార్ప్ అదే ఏడు ఆగస్టులో కెంటకీలోనే చచ్చాడు. బందీని గుర్రానికి కట్టి గుహ మీది కొండచరియ నుంచి కిందికి తోశారని, అది చూసి తోటి దొంగలే వాళ్లను వెళ్లగొట్టారని చెప్పే కథ ఇక్కడ ప్రతివాళ్లకూ నోటికొచ్చు. కానీ వాళ్ల నేరాల్లో రుజువైనవి వేరే చోట్లవి. ఆ తర్వాత 1820లలో దొంగ నోట్ల ముఠాలు వచ్చాయి. వాటిలో పేరుమోసిన స్టర్డివాంట్ ముఠా బలగం ఈ గుహలో కాదు, దిగువన రోజీక్లేర్ దగ్గర ఉండేది. ఎగువన బల్లకట్టు నడిపిన జేమ్స్ ఫోర్డ్ మీద వచ్చిన ఆరోపణలు ఇంకా తర్వాతివి. అతను 1833లో పోయాడు. ఒకరినొకరు చూసి కూడా ఉండని మనుషుల్ని, నలభై ఏళ్ల నేరాల్ని ఒకే గుహలో కుక్కేశాం. గుహ కళ్లకు కనబడుతుంది, మిగిలిన చోట్లు కనబడవు. అందుకే అన్ని కథలూ దాని మీద వాలాయి.

కథలు చెప్పిన సాక్షులెవరో కూడా చూడాలి. ఈ గుహలో మనుషుల ఎముకలు గుట్టలుగా చూశానని మొదట లోకానికి చెప్పినవాడు థామస్ యాష్ అనే ఐరిష్ యాత్రికుడు. 1806 నాటి యాత్ర అంటూ 1808లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఈ మనిషే బిగ్ బోన్ లిక్ దగ్గర డాక్టర్ విలియం గోఫోర్త్ కష్టపడి తవ్వించిన పురాతన ఏనుగుల ఎముకల్ని అమ్మిపెడతానని తీసుకుని, ఇంగ్లాండు ఓడెక్కించి సొమ్ము చేసుకున్నాడు. డాక్టరుకు దక్కింది ఏమీ లేదు. అలాంటివాడి ఎముకల లెక్కను ఎంతవరకు నమ్మాలో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. తర్వాతి వాడు జేమ్స్ హాల్, దగ్గర్లోని షానీటౌన్‌లో న్యాయవాదిగా పనిచేసిన నిజాయితీ గల రచయిత. అయితే 1833లో ఆయన హార్ప్‌ల మీద రాసింది నవల. నవలకు ఉండే స్వేచ్ఛ తీసుకున్నాడు. మరొకటి ఈ ప్రాంతంలోని పాట్స్ సత్రం కథ. ఏళ్ల తర్వాత గడ్డంతో తిరిగొచ్చిన కన్నకొడుకును గుర్తుపట్టక, డబ్బుకు ఆశపడి తండ్రే చంపాడని చెబుతారు. వింటుంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. కానీ ఇదే కథను జార్జ్ లిల్లో 1736లో లండన్‌లో నాటకంగా ఆడించాడు. అది కూడా అంతకు శతాబ్దం ముందు కార్న్‌వాల్ మీద అచ్చయిన కరపత్రం నుంచి తీసుకున్నదే. వలస వచ్చినవాళ్లు సామానుతో పాటు తెచ్చుకున్న కథ ఈ సత్రానికి తగులుకుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిజమే, నిప్పు ఉంది. నా అభ్యంతరం పొగను చూసి నిప్పు ఎక్కడుందో తప్పుగా చెప్పడం మీద. గుహనే నేరస్థలం చేస్తే, చచ్చిపోయినవాళ్లు కథలో లేకుండా పోతారు. వాళ్లెవరు? ఒక సీజను పంట మొత్తం ఒకే పడవలో పెట్టిన రైతులు, కూలికి తెడ్డేసిన కుర్రాళ్లు, కొత్త నేల వెతుక్కుంటూ పిల్లాపాపలతో దిగిన వలస కుటుంబాలు. మేసన్ పేరుతో పుస్తకాలున్నాయి, పెద్ద హార్ప్ తల వేలాడదీసిన దారికి కెంటకీలో అతని పేరే ఉంది. పడవవాళ్ల పేర్లు దాదాపు ఏవీ మిగల్లేదు. దోపిడీ ఎలా జరిగిందో సరిగ్గా చెప్పుకుంటే, వాళ్లు అమాయకత్వం వల్ల కాదు, వేరే దారి లేకపోవడం వల్ల ఆ రేవులో ఆగారని అర్థమవుతుంది. అంత మాత్రం మనం వాళ్లకు బాకీ ఉన్నాం.

నిధి సంగతి. గుహలోకి లాంతర్లతో దూరి తవ్వుకునే ఆశ ఎందుకు నిలవదో పైన చెప్పిన వ్యాపారమే చెబుతుంది. గుహ ముందు నుంచి దిగువకు పోయింది పీపాలు, బస్తాలు. డబ్బు పుట్టింది న్యూ ఆర్లీన్స్‌లో, తిరిగొచ్చింది అడవి బాటన. గుహ దగ్గర దోచినవాడు పంది మాంసం పీపాలను బంగారం చేసుకోవాలంటే తానే మళ్లీ వాటిని దిగువకు తీసుకెళ్లి అమ్ముకోవాలి. మేసన్ చివరికి నాచెజ్ ట్రేస్ వైపు మళ్లడంలో ఈ లెక్కే పనిచేసిందని నాకనిపిస్తుంది. అక్కడ బాటసారి నడుముకే నాణేలుండేవి. గుహలో దాచేంత బంగారం ఆ వైపు రానే లేదు. ఐశ్వర్యం మీద ఆశ మాత్రం ఈ గట్టు మీద నిండుగా ఉండేది. గుహకు సుమారు 35 కిలోమీటర్ల దిగువన నది ఒడ్డున ఒక ఊరికి 1817లో మన వజ్రాల గోల్కొండ పేరు పెట్టుకున్నారు. ఇప్పటికీ ఆ ఊరు గోల్కొండే. ఈ నేలలో అసలు దొరికిన సంపద ఫ్లోర్‌స్పార్, ఉక్కు కరిగించేటప్పుడూ రసాయన పరిశ్రమలోనూ వాడే ఖనిజం. గుహ ఉన్న హార్డిన్ కౌంటీ దశాబ్దాల పాటు అమెరికాకు దాన్ని సరఫరా చేసింది. చివరి గని 1995లో మూతపడింది. ఊదా, పసుపు రంగుల్లో మెరిసే ఆ స్ఫటికాలను రోజీక్లేర్‌లోని మ్యూజియంలో చూడొచ్చు.

ఆఖరిగా, నదీ దొంగల్ని ఎవరో వీరుడు ఒక్క యుద్ధంతో తుడిచిపెట్టాడన్న ఊహ. ఇది సినిమాలు బలపరిచిన ఊహ. 1956లో డిస్నీ డేవీ క్రాకెట్ చిత్రం, 1962లో ‘హౌ ది వెస్ట్ వజ్ వన్’ ఈ గుహ దగ్గరే దొంగల దృశ్యాలు తీశాయి. ప్రజల దండ్లు తరమడం వాస్తవమే, దాని ఫలితం తక్కువేమీ కాదు. కానీ తరిమినవాళ్లు మరో చోట తేలారు. ఆ వృత్తికి ఆధారం తీసేసింది ఆవిరి యంత్రం. 1811లో ‘న్యూ ఆర్లీన్స్’ అనే స్టీమరు పిట్స్‌బర్గ్ నుంచి బయల్దేరి ఈ గుహ ముందు నుంచే దిగింది. 1815లో మరో స్టీమరు న్యూ ఆర్లీన్స్ నుంచి ఎదురెక్కి ఒహాయో మీదికి వచ్చింది. చదును పడవలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచాయి. కానీ వాటి మనుషులు సరుకు అమ్మి స్టీమరెక్కి వారాల్లో ఇల్లు చేరసాగారు. దారిలో మాయమైన పడవ గురించిన కబురు కూడా అదే వేగంతో ఎగువకు చేరింది. ఆ తర్వాత ఈ గట్టున మిగిలిన పెద్ద నేరం దొంగ నోట్ల అచ్చు. దానికి నది అక్కర్లేదు, ప్రతి ప్రైవేటు బ్యాంకూ తన నోటు తానే అచ్చేసుకునే రోజులు చాలు. గుహ చూడటానికి వెళ్లేవాళ్లు వీలైతే కెంటకీ వైపు నుంచి వెళ్లండి. ఊళ్లోకి చేర్చే ఫెర్రీ ఉచితం, రెండు రాష్ట్రాలూ కలిసి ఖర్చు భరిస్తాయి. పడవ మీద నుంచి ఈ గట్టును, పడవవాడు చూసినట్టు, ముందు నది వైపు నుంచి చూడొచ్చు.